సాక్స్ కొనేముందు మడమ చూడండి

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో చాలా ఏళ్లు హోజరీ దుకాణం నడిపినవాణ్ని కాబట్టి, సాక్స్ గురించి వచ్చే ఉత్తరాలను సంపాదకులు నాకు పంపుతుంటారు. ఈసారి నాలుగు తీసుకున్నాను. మొదటిదానికే ఎక్కువ చోటు పోయింది. అందులో అడిగింది చాలామందికి ఉన్న ఇబ్బందే.

*మెడికల్ రెప్‌గా పనిచేస్తున్నాను. పొద్దున్నుంచి రాత్రి దాకా లెదర్ బూట్లు, బైకు, ఆసుపత్రి మెట్లు. చర్మానికి మంచిదని 100 శాతం కాటన్ సాక్సే కొంటాను. రెండు నెలలు తిరక్కుండా మడమ దగ్గర చిల్లులు పడుతున్నాయి. మొన్న వానల్లో అవే వేసుకుని స్నేహితులతో అనంతగిరి వెళ్తే రెండు మడమలూ బొబ్బలెక్కాయి. ఖరీదైనవి కొంటే ఈ బాధ తప్పుతుందా?*
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

బాబూ, ఖరీదు సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ బూటులో చెయ్యి పెట్టి మడమ వైపు లైనింగ్ తడిమి చూడండి. అది చిరిగి, లోపలి అట్ట గరుగ్గా తగులుతుంటే ఎంత మంచి సాక్స్ అయినా అక్కడే అరుగుతుంది. ప్రతి జతా ఒకే చోట చిల్లు పడుతోందంటే నా అనుమానం మొదట బూటు మీదికే పోతుంది. చెప్పులు కుట్టే అతనితో లోపల పలచటి తోలు ముక్క అంటించుకోండి, సరిపోతుంది. చిల్లు బొటనవేలి దగ్గర పడుతుంటే మాత్రం గోళ్లు చూసుకోవాలి.

బూటు బాగానే ఉంటే, ఇక మీ 100 శాతం కాటన్ సంగతి. దుకాణానికి వచ్చినవాళ్లు మొదట అడిగే మాట ‘ప్యూర్ కాటనేనా?’ అని. బనీను కొనేటప్పుడు అలా అడగాలి, బాగుంటుంది. రోజంతా బూటులో నలిగే సాక్స్‌కి ఆ లెక్క పనికిరాదు. నూలు చెమటను పీలుస్తుంది, కానీ త్వరగా ఆరదు. ఆ తడికి చర్మం మెత్తబడుతుంది. మెత్తబడిన చర్మానికి, తడి బట్టకి మధ్య రాపిడి ఎక్కువ. మీ బొబ్బలు అలా వచ్చినవే. పైగా ఒట్టి నూలు ఒకసారి సాగితే మళ్లీ బిగుసుకోదు. మధ్యాహ్నానికి వదులై బూటులోకి జారుతుంది, మడమ కింద ముడత పడుతుంది, ఆ ముడత దగ్గరే చిరుగుతుంది.

నైలాన్ అనగానే ముఖం చిట్లించకండి. 1940లో అమెరికాలో నైలాన్ బట్ట దేశమంతటా అమ్మకానికి వచ్చిందే ఆడవాళ్ల స్టాకింగ్స్‌గా. రాపిడి తట్టుకోవడంలో నూలు దాని దరిదాపులకి రాదు. అలాగని మొత్తం నైలాన్ సాక్స్ మన హైదరాబాద్ ఎండకి పనికిరావు, కాలు జిగటగా తయారవుతుంది. రెండూ కలవాలి. రోజువారీకైతే ప్యాకెట్ వెనక చదవండి: 70 నుంచి 80 శాతం కాంబ్డ్ కాటన్ (పొట్టి పోగులు దువ్వి తీసేసిన నూలు), 15 నుంచి 25 శాతం నైలాన్, కొద్దిగా ఎలాస్టేన్ (రబ్బరులా సాగే దారం) ఉంటే తీసుకోండి. నైలాన్‌కి బదులు పాలీఅమైడ్ అనీ, ఎలాస్టేన్‌కి బదులు స్పాండెక్స్ లేదా లైక్రా అనీ రాసి ఉన్నా కంగారు పడొద్దు, అవే ఇవి.

ప్యాకెట్ చదివాక సాక్స్ చేతిలోకి తీసుకోండి. పిడికిలి లోపలికి దూర్చి మడమ దగ్గర సాగదీసి ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకోండి. వేళ్లు స్పష్టంగా కనిపిస్తే అది ఎక్కువ రోజులు రాదు. మంచి కంపెనీలు మడమకీ, వేళ్లకీ అదనపు దారం కలిపి దట్టంగా అల్లుతాయి. వేరే రంగులో కనిపించేది చాలాసార్లు అదే. మడమకి చక్కగా మలుపు తిప్పి సంచిలా అల్లారా, లేక తిన్నగా గొట్టంలా వదిలేశారా అన్నది కూడా చూడండి. గొట్టంలాంటిది కాలి చుట్టూ తిరుగుతుంది. తర్వాత తిరగేసి వేళ్ల దగ్గరి కుట్టు మీద వేలు పోనివ్వండి. గట్టు తగిలితే అది రేపు మీ చిటికెన వేలికి తగులుతుంది. కోఠీ ఫుట్‌పాత్ మీద కట్టలుగా అమ్మేవాటిలోనూ మంచివి దొరుకుతాయి. ఈ పరీక్షకి నిలబడితే నిశ్చింతగా కొనండి, పేరు లేకపోయినా ఫరవాలేదు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ‘ఫ్రీ సైజ్’ అన్న ముద్ర. 6వ నంబరు బూటు వేసేవాళ్లకీ 10వ నంబరు వేసేవాళ్లకీ ఒకే సాక్స్ ఎలా సరిపోతుంది? పెద్ద కాలికి మడమ దగ్గర సాగి పలచబడుతుంది, చిన్న కాలికి బూటులో పోగుపడుతుంది. సాక్స్ మడమ సరిగ్గా మీ మడమ మీదే కూర్చోవాలి. చీలమండ మీదికి ఎక్కిందంటే సైజు పెద్దది. బూటు నంబరు రాసి అమ్మేవే అడగండి. దుకాణదారు విసుక్కున్నా ఫరవాలేదు, అందరూ అడిగితేనే తెప్పిస్తాడు.

ఇక అనంతగిరి. గుట్టలెక్కడానికి ఆఫీసు సాక్స్ వేసుకోకండి. అక్కడ నూలు తక్కువ, పాలిస్టర్, నైలాన్ ఎక్కువ ఉన్నవి కావాలి. మామూలు గాలిలో నూలు తన బరువులో దాదాపు 8 శాతం తేమ పట్టుకుంటే, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. చెమట దారం లోపలికి ఇంకకుండా దారాల సందుల్లోంచి పైకి పాకి ఆరిపోతుంది. అరికాలి కింద టవల్‌లా ఉచ్చులు అల్లిన టెర్రీ రకం తీసుకుంటే రాళ్ల మీద నడక హాయిగా ఉంటుంది. కానీ ఆ మందంతో బూటు బిగుతైపోకూడదు. బూట్లు కొనేటప్పుడే ఆ సాక్స్ వేసుకుని చూసుకోండి. ఉచ్చులు లోపలివైపే ఉండాలి, పైభాగం నున్నగా ఉండాలి. లేకపోతే వానలు వెనకబట్టాక ఎండిన గడ్డి ముళ్లన్నీ వాటికే గుచ్చుకుని ఇంటిదాకా వస్తాయి. పొడవు బూటు అంచు దాటాలి.

డబ్బు పెట్టగలిగితే ఒక్క జత మెరినో ఉన్ని కలిసినవి కొనండి. మన ఎండలకి ఉన్నేమిటి అనుకోకండి. మెరినో గొర్రె ఉన్ని చాలా సన్నం, గుచ్చుకోదు. తన బరువులో దాదాపు మూడో వంతు దాకా ఆవిరిని లోపల దాచుకున్నా చేతికి తడి తెలియదు. వాసన కూడా తొందరగా పట్టదు. దాంట్లోనూ నైలాన్ కలిసి ఉండాలి, ఒట్టి మెరినో త్వరగా అరుగుతుంది. రెండు రోజుల నడకకి వెళ్తే అది పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. ఆఫీసుకి అవసరం లేదు.

ఉతికేటప్పుడు తిరగేసి ఉతకండి. చెమట, చర్మపు పొట్టు, మట్టి అన్నీ లోపలే ఉంటాయి. ఫ్యాబ్రిక్ కండిషనర్ వద్దు, అది దారం మీద పొరలా పట్టి చెమట పీల్చనివ్వదు. మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లైతే ఇంకోసారి జాడించండి. ఉప్పు నీళ్లలో సబ్బు సరిగ్గా వదలక సాక్స్ గట్టిబడతాయి. వేడి డ్రయర్ ఎలాస్టేన్‌ని చంపేస్తుంది. నీడలో ఆరేయండి.

*మా అబ్బాయి ఐదో తరగతి. స్కూల్లో తెల్ల సాక్స్ తప్పనిసరి. సాయంత్రం బూట్లు విప్పితే వాసన భరించలేకపోతున్నాం, కాలి వేళ్ల మధ్య దురద అంటున్నాడు. ఏ సాక్స్ వాడాలో చెప్పండి.*
– ఒక తల్లి, మల్కాజిగిరి

అమ్మా, యూనిఫాం దుకాణాల్లో ఇచ్చే తెల్ల సాక్స్‌లో చాలావరకు నైలాన్ లేదా పాలిస్టరే ఎక్కువ ఉంటుంది. అదే తెలుపులో కాటన్ ఎక్కువున్న జతలు బయట కొనండి, రంగు కలిస్తే స్కూలు వాళ్లు అభ్యంతరం చెప్పరు. అయితే సాక్స్ ఒక్కటీ మారిస్తే చాలదు. నిన్నటి చెమట బూటులోనే ఉంటుంది. వీలైతే రెండు జతల బూట్లు రోజు మార్చి రోజు వేయండి, సాయంత్రం బూటు నాలుక బాగా పైకి లాగి ఫ్యాను కింద పెట్టండి. పొద్దున స్నానం అయ్యాక వేళ్ల సందులు పొడి బట్టతో తుడిచాకే సాక్స్ తొడగండి. పిల్లలు ఈ పని చేసుకోరు, కొన్నాళ్లు మీరే చేయాలి. సందుల్లో చర్మం తెల్లగా ఉబ్బి పొట్టు రాలుతుంటే మాత్రం అది ఫంగస్ కావచ్చు. చర్మ వైద్యుడికి చూపించండి. ఆ సాక్స్ ఇంట్లో ఇంకెవరూ వేసుకోకుండా చూడండి.

*వెదురు సాక్స్ చాలా మంచివని చెబుతున్నారు. నిజమేనా?*
– ఒక పాఠకురాలు, మియాపూర్

మెత్తగా ఉంటాయి, అది నిజం. చాలావరకు అవి వెదురు గుజ్జును రసాయనాలతో కరిగించి తీసిన విస్కోస్ దారంతో చేసినవి. విస్కోస్ తడిస్తే బలం బాగా తగ్గిపోతుంది. ఇంట్లోకి, ఏసీ ఆఫీసుకి వేసుకోండి. నడకకి, గుట్టలకి వద్దు.

*నాన్నగారికి షుగర్ వచ్చి చాలాకాలమైంది. రోజూ పొద్దున ఇందిరా పార్కులో నడుస్తారు. పాదాల్లో స్పర్శ కొంచెం తగ్గిందని డాక్టర్ అన్నారు. ఆయనకి ఎలాంటి సాక్స్ కొనాలి?*
– ఒక కూతురు, చిక్కడపల్లి

అమ్మా, ఈ ఉత్తరానికి వెంటనే జవాబు రాయాలనిపించింది. స్పర్శ తగ్గినవాళ్లకి సాక్స్‌లో చిన్న ముడత పడినా తెలియదు, అది పుండు దాకా వెళ్లొచ్చు. తెల్లవి లేదా లేత రంగువి కొనండి. ఎక్కడైనా రక్తం గానీ రసి గానీ అంటితే వెంటనే కనిపిస్తుంది. పైపట్టీ వదులుగా ఉండాలి. సాక్స్ విప్పాక పిక్క మీద లోతుగా గీత పడితే ఆ జత పక్కన పెట్టేయండి. వేళ్ల దగ్గర కుట్టు తెలియకుండా అల్లినవి ‘డయాబెటిక్ సాక్స్’ పేరుతో మందుల దుకాణాల్లోనూ దొరుకుతాయి, అరికాలి కింద కాస్త మెత్త ఉన్నవి చూడండి. చిల్లు పడినవి కుట్టి మళ్లీ వేయొద్దు, ఆ కుట్టే ఒరుసుకుంటుంది. బూటు వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి రాయి, మేకు లాంటివేమైనా ఉన్నాయేమో చూడడం, నడిచి వచ్చాక అరికాళ్లు మీరో అమ్మగారో చూడడం అలవాటు చేయండి. కాళ్ల వాపుకని బిగుతుగా ఉండే కంప్రెషన్ స్టాకింగ్స్ ఎవరైనా సలహా ఇస్తే మీ అంతట మీరు కొనకండి. కాళ్లలో రక్తప్రసరణ ఎలా ఉందో పరీక్షించి డాక్టర్ చెప్పాకే వాడాలి.