చేతులకు ముందు నేర్పాల్సింది

పాపా,

స్పోర్ట్స్ మసాజ్ నేర్చుకుంటానని నువ్వు చెప్పినప్పటి నుంచి మీ అమ్మ టెన్షన్ పడుతోంది. మాలిష్ పని ఆడపిల్లకెందుకని ఆమె బాధ. ఆమెతో నేను మాట్లాడతాలే. తిరుపతిలో కబడ్డీ ఆడే ఆడపిల్లలకు తొడ పట్టేస్తే, మొహమాటం లేకుండా చూపించుకోడానికి ఒక ఆడమనిషి ఉండాలి. నువ్వు ఈ పనిలోకి రావాలని నేను మనసారా కోరుకుంటున్నా.

ఎక్కడ నొక్కాలో ఎవరైనా నేర్పుతారు. ఎప్పుడు నొక్కకూడదో తెలియక నేనొక పిల్లాడి సీజన్ పాడుచేశాను. చిత్తూరు దగ్గర సంక్రాంతి కబడ్డీ పోటీల్లో వాడి తొడకు మోకాలు తగిలింది. మర్నాడు వాపుతో వచ్చాడు. గట్టిగా పిసికితే రక్తం కదిలిపోతుందనుకుని అరగంట పిసికాను. లోపల రక్తస్రావం ఎక్కువైంది. కొన్ని వారాలకు ఎక్స్‌రే తీస్తే కండలో ఎముక పెరుగుతోందన్నారు. దెబ్బ తిన్న తొడను పిసికితే అలా జరగొచ్చని నాకప్పటికి తెలీదు. కొత్త దెబ్బను మొదటి రెండు మూడు రోజులు మర్దన చెయ్యొద్దు తల్లీ, ఆటగాడు ఎంత బతిమాలినా సరే.

కాలు నొప్పి అని వచ్చినవాళ్లను, నొప్పికి ముందు ఏం చేశారో అడుగు. అలిపిరి మెట్లు 3,550. కాలినడకన ఎక్కి, నడిచే దిగినవాళ్ల తొడ కండరాలు దిగేటప్పుడు సాగుతూనే బరువు మోస్తాయి. ఆ నొప్పి మర్నాడు, ఆ తర్వాతి రోజు ముదిరి, తనంతట తనే తగ్గుతుంది. దానికి తేలికపాటి మర్దన చాలు. కానీ రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చినవాళ్లకు ఒక్క పిక్కే వాచి, వేడిగా ఉంటే చెయ్యి వెయ్యకు. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. వెంటనే ఆస్పత్రికి పంపు. నరం పట్టింది అని వాళ్లంటారు, నువ్వు మాత్రం అనేసుకోవద్దు.

ఆడేటప్పుడు కండల్లో చేరే లాక్టిక్ యాసిడ్ మసాజ్‌తో బయటికి పోతుందని చెప్పేవాళ్లుంటారు. ఆట అయ్యాక గంటా రెండు గంటల్లో ఒళ్లే దాన్ని వాడేసుకుంటుంది. మన పనితో నొప్పి కొంత తగ్గుతుంది, ఒళ్లు తేలికపడుతుంది, మనిషి కుదుటపడతాడు. అది చిన్న విషయం కాదు, లేనిది కలిపి చెప్పాల్సిన అవసరమూ లేదు. పోటీ ముందు చేసేది పది నిమిషాల చురుకైన మర్దన. లోతుగా నొక్కడం పోటీకి ముందు రోజు వద్దు.

వేలికి గాయమైతే ఆ రోజు పని మానుకో. టెన్నిస్ ఆటగాడు సిన్నర్ 2024 మార్చిలో డోపింగ్ పరీక్షలో దొరికింది ఎందుకనుకున్నావు? ఫిజియో తన వేలి గాయానికి నిషేధిత మందున్న స్ప్రే వాడి, ఒట్టి చేతులతో మర్దన చేశాడు. సిన్నర్ తప్పు లేదని ట్రిబ్యునల్ అన్నా, ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ అప్పీలుకు వెళ్లడంతో చివరికి 2025లో మూడు నెలలు ఆటకు దూరమయ్యాడు. నువ్వు వాడే ప్రతి ఆయింట్‌మెంట్ మీద ఏముందో చదువు.

వీలైతే ఫిజియోథెరపీ డిగ్రీయే చెయ్యి. మన తిరుపతి స్విమ్స్ ఆస్పత్రిలోనే కాలేజీ ఉంది. నాలుగైదేళ్లంటే ఎక్కువనిపిస్తుంది గానీ, కండ ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుందో తెలియని చెయ్యి గుడ్డిది. అది కుదరక సర్టిఫికెట్ కోర్సుతో మొదలుపెడితే, జబ్బేమిటో తేల్చే పని నీది కాదని గుర్తుంచుకో. బొటనవేళ్లతో మాత్రమే నొక్కకు, కొన్నేళ్లకే కీళ్లు అరుగుతాయి. ముంజేయి వాడు, బల్ల ఎత్తు సరిచేసుకో, ఒంటి బరువు వాల్చు. తువ్వాలు కప్పి, అడిగి, ఒప్పుకున్నాకే ముట్టుకో. చిన్నపిల్లలైతే తల్లో కోచో పక్కన ఉండాలి.

ఆదివారం పొద్దున్నే మా ఇంటికి రా, గ్రౌండుకు తీసుకెళ్తా. గోళ్లు కత్తిరించుకుని, ఒక నోటు పుస్తకం తెచ్చుకో. మొదటి నెల ఎవరినీ ముట్టుకోవు. వచ్చినవాళ్లను నేను అడిగే ప్రశ్నలు, వాళ్లు చెప్పే జవాబులు రాసుకుంటావు.

నీ మామ