మాక్రోతో తెరిస్తే మార్చి 5 కాస్తా మే 3 ఎందుకవుతోంది?

మీరు అడిగింది ఇదే కదా: షిప్పింగ్ లైన్ పంపే సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన సాదా డేటా ఫైలు) డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే తేదీలు బాగానే ఉంటున్నాయి. అదే ఫైలు మాక్రోతో, అంటే ఎక్సెల్‌లో రాసుకున్న వీబీఏ కోడ్‌తో తెరిస్తే 05/03/2024 కాస్తా మే 3 అయిపోతోంది. 25/03/2024 మాత్రం మారకుండా సెల్లో ఎడమవైపుకి జరిగి కూర్చుంటోంది. దాంతో కంటైనర్ ఫ్రీ డేస్ (అదనపు ఛార్జీ పడకుండా కంటైనర్ ఉంచుకోగలిగే రోజులు) లెక్క తప్పి మీ మేనేజర్ గారు తల తింటున్నారు. విశాఖ పోర్టు దగ్గర క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో నా పని కూడా ఇవే షీట్లతో కాబట్టి, నాకు పనిచేసిన పద్ధతి చెబుతాను.

చేత్తో తెరిచినప్పుడు ఎక్సెల్ మీ విండోస్ రీజియన్ సెట్టింగ్ చూసుకుంటుంది. అక్కడ ఇండియా అని ఉంటే రోజు ముందు, నెల తర్వాత. మాక్రోలోని వర్క్‌బుక్స్.ఓపెన్ అలా కాదు, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే అమెరికా పద్ధతిలో నెలనే ముందు చదువుతుంది. 05/03ని ఐదో నెల మూడో తేదీ అనుకుని, ఏ ఎర్రరూ చూపకుండా మార్చేస్తుంది. 25వ నెల లేదు కాబట్టి రెండోదాన్ని టెక్స్ట్‌గా వదిలేస్తుంది. అంటే ఎడమకు జరిగిన తేదీల గురించి టెన్షన్ అక్కర్లేదు, అవి కంటికి కనిపిస్తున్నాయి. కుడివైపు బుద్ధిగా కూర్చున్నవాటినే నమ్మకూడదు.

తేలికైన మందు: ఆ ఓపెన్ లైను చివర లోకల్:=ట్రూ అని చేర్చండి. మీ సెట్టింగ్ ప్రకారమే చదువుతుంది. అయితే ఆఫీసులో ఎవరి లాప్‌టాప్‌లోనైనా రీజియన్ అమెరికా అని ఉందంటే కథ మొదటికొస్తుంది. కొత్తగా కొన్నవాటిలో చాలాసార్లు అదే ఉంటుంది, ఎవరూ మార్చరు. అందుకే నేను వర్క్‌బుక్స్.ఓపెన్ బదులు ఓపెన్‌టెక్స్ట్ వాడి, ఏ కాలమ్‌ని ఎలా చదవాలో చెప్పే ఫీల్డ్‌ఇన్‌ఫోలో తేదీ కాలమ్‌ని టెక్స్ట్‌గా తెప్పించుకుంటాను. ఇక్కడో తిరకాసు ఉంది: ఫైలు పేరు చివర సీఎస్‌వీ అని ఉంటే ఎక్సెల్ ఫీల్డ్‌ఇన్‌ఫోని పట్టించుకోదు. ముందు టీఎక్స్‌టీగా పేరు మార్చి తెరవాలి.

టెక్స్ట్‌గా వచ్చాక స్ప్లిట్ ఫంక్షన్‌తో గీత దగ్గర మూడు ముక్కలు చేసి, వాటితో తేదీ కట్టే డేట్‌సీరియల్‌కి ఇవ్వండి: సంవత్సరం, నెల, రోజు వరుసలో. డేట్‌సీరియల్(2024, 3, 5) ఏ కంప్యూటర్లోనైనా మార్చి 5నే. టెక్స్ట్‌ని నేరుగా తేదీగా మార్చే సీడేట్ జోలికి మాత్రం వెళ్లకండి. అది కంప్యూటర్ సెట్టింగ్‌ని బట్టి చదువుతుంది, పైగా 12 దాటిన రోజు కనబడితే తనే వరుస తిప్పేసుకుంటుంది. కాబట్టి సగం తేదీలు ఒప్పు, సగం తప్పు. ఇది తేదీయేనా అని చూసే ఈజ్‌డేట్ ఒప్పువాటికీ తప్పువాటికీ ట్రూ అనే చెబుతుంది, ఆ పరీక్ష ఇక్కడ దండగ.

మీ కోడ్‌లో ఇంకొక చోట కూడా ఇదే రోగం ఉంది. తేదీని ఫార్మాట్ ఫంక్షన్‌తో "డీడీ/ఎంఎం/వైవైవైవై" చేసి సెల్లో పెడుతున్నారు. ఫార్మాట్ ఇచ్చేది తేదీ కాదు, అక్షరాలు. సెల్లోకి వెళ్లేటప్పుడు ఎక్సెల్ వాటిని మళ్లీ అమెరికా పద్ధతిలో చదువుతుంది. సెల్లో తేదీనే పెట్టి, ఎలా కనిపించాలో నంబర్‌ఫార్మాట్‌తో చెప్పండి. ఫార్మాట్ ఫంక్షన్ మెసేజ్ బాక్సుకో, ఫైలు పేరుకో మాత్రమే. ఎందుకంటే లోపల తేదీ అంటే ఒక సంఖ్యే. 45000 అంటే 2023 మార్చి 15, గంటలూ నిమిషాలూ దశాంశ భాగం. ఆ సంఖ్యను ఇంటీజర్ వేరియబుల్‌లో పెట్టబోతే ఓవర్‌ఫ్లో వస్తుంది, దాని హద్దు 32767 కాబట్టి 1989 సెప్టెంబరు దాటి రాదు. లాంగ్ అని పెట్టుకోండి.

ఇక ఫ్రీ డేస్. దిగిన తేదీకి రోజులు నేరుగా కూడితే చాలు. దిగిన రోజును కూడా లెక్కలోకి తీసుకుంటారా లేదా అన్నది లైన్ వాళ్ల టారిఫ్‌లో చూసుకుని, అవసరమైతే ఒకటి తగ్గించండి. గడువు దాటిందా అని చూసేటప్పుడు నౌ వాడకండి, డేట్ వాడండి. నౌలో టైమ్ కూడా ఉంటుంది కాబట్టి ఆఖరి ఫ్రీ డే పొద్దున్నే ఆ కంటైనర్‌ని గడువు దాటిన లిస్టులో వేసేస్తుంది. మీ మేనేజర్ గారి కోపంలో కొంత వాటా దీనిదే అనుకుంటాను.

గోడౌన్ అద్దెకు డేట్‌డిఫ్‌తో నెలలు లెక్కేస్తున్నారు, అది ప్రమాదం. డేట్‌డిఫ్ "ఎమ్" అంటే నెల ఎన్నిసార్లు మారిందన్న లెక్క. జనవరి 31 నుంచి ఫిబ్రవరి 1కి ఒక నెల అంటుంది. డేట్‌యాడ్ కాస్త నయం, 2024 జనవరి 31కి నెల కలిపితే ఫిబ్రవరి 29 ఇస్తుంది. కానీ ఆ వచ్చిన తేదీకి మళ్లీ నెల కలిపితే మార్చి 29 దగ్గరే ఆగిపోతుంది. ఎప్పుడూ మొదటి తేదీ నుంచే లెక్క కట్టండి. నెలాఖరు కావాలంటే డేట్‌సీరియల్‌లో నెలకు ఒకటి కలిపి, రోజు దగ్గర 0 ఇవ్వండి. నిమిషాలకు "ఎన్" వాడాలి, "ఎమ్" కాదు.

పనిదినాలు కావాలంటే నెట్‌వర్క్‌డేస్_ఇంటిల్‌లో 11 ఇవ్వండి, ఆదివారం ఒక్కటే సెలవు. పండగల జాబితా కోడ్‌లో కాకుండా వేరే షీట్‌లో ఉంచండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పటిలాంటి రోజులను మాక్రో ముట్టుకోకుండా ఎవరైనా చేర్చుకోవచ్చు.

పాత షీట్ల గురించి: ఏప్రిల్ 6 అని ఉన్నది నిజంగా ఏప్రిల్ 6నా, జూన్ 4నా అన్నది సెల్ చూసి చెప్పలేం. రోజూ నెలా తిప్పేసే మాక్రో రాయాలని చూడకండి, సరిగ్గా ఉన్నవి కూడా పాడవుతాయి. లైన్ వాళ్ల మెయిల్స్‌లో అసలు సీఎస్‌వీలు ఉంటాయి కదా, వాటినే మళ్లీ దించుకుని కొత్త కోడ్‌తో నడిపించండి.