రోజ్ క్వార్ట్జ్ రాయి దగ్గరుంటే టెన్షన్ నిజంగా తగ్గుతుందా?

నాకు తగ్గింది. అయితే చేతికి వేసుకునే పూసల బ్రాస్‌లెట్‌తో కాదు, కోడిగుడ్డంత సానపట్టని రాయితో.

మాది నెల్లూరు జిల్లా సైదాపురం వైపు. తాతయ్య అభ్రకం గనిలో పనిచేశాడు. అక్కడ తెల్ల పలుగురాళ్లు గుట్టలుగా పడి ఉండేవి. రాత్రిపూట రెండు రాళ్లు గట్టిగా రాసి, వెలుగు వస్తే కేకలు పెట్టేవాళ్లం. రోజ్ క్వార్ట్జ్ కూడా పలుగురాయే, రంగే గులాబీ. అభ్రకం దొరికే పెగ్మటైట్ అనే పెద్ద పెద్ద స్ఫటికాల శిలల్లోనే ఇదీ పుడుతుంది.

రెండేళ్ల క్రితం అమ్మకు గుండె ఆపరేషన్ జరిగింది. థియేటర్ బయట నాలుగు గంటలు కూర్చున్నాం. నా చేతులు ఆగకుండా వణుకుతుంటే పిన్ని సంచిలోంచి ఈ రాయి తీసి, "పట్టుకోవే, చేతులు ఊరికే ఉంచకు" అంది. మొదట చల్లగా తగిలింది. అరచేతిలో వెచ్చబడగానే రెండో చేతికి మార్చేదాన్ని. కాసేపు ఒళ్లో పెడితే మళ్లీ చల్లబడేది. అలా ఎన్నిసార్లు మార్చానో! డాక్టర్ బయటికొచ్చి "బాగానే ఉన్నారు" అన్నప్పుడు చూసుకుంటే, రాయి అంచు అరచేతిలో ఎర్రగా అచ్చుపడి ఉంది.

నా మనసు నిలబడింది ఆ బరువు వల్ల, చల్లదనం వల్ల. అందుకే పూసల దండ వద్దంటాను, పిడికిట్లో పట్టేంత ముక్క కొనండి. కొనేటప్పుడు జాగ్రత్త, రంగు గాజు అంటగట్టేవాళ్లు చాలామంది. గాజులో గాలి బుడగలు కనిపిస్తాయి. అసలు రాయి పాలు కలిపినట్టు మసగ్గా ఉంటుంది. లోపల వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని గులాబీ రంగు పీచు ఉండటమే ఆ మసకకూ, ఆ రంగుకూ కారణం. అమెరికాలో శాస్త్రవేత్తలు రాయిని ఆమ్లంలో కరిగించి ఆ పీచును విడిగా తీశారు, 2001లో ఆ సంగతి ప్రచురించారు. ఇప్పటికీ చాలాచోట్ల రంగు టైటానియం వల్లే అని రాస్తున్నారు.

ఇంకో మాట. ఇది నవరత్నాల్లో లేదు. జాతకం చూసి దీన్ని రాసిచ్చేవాళ్లు ఏ లెక్కన ఇస్తున్నారో వాళ్లనే అడగండి. బీపీకి, థైరాయిడ్‌కు పనిచేస్తుందని అమ్మేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా వీధిలో ఒకావిడ అలాంటి మాట నమ్మి బీపీ మాత్రలు మానేసింది, నెలలోపే కళ్లు తిరిగి పడిపోయింది.

నా రాయి ఇప్పుడు అమ్మ దగ్గరుంది. మాత్రల డబ్బా పక్కనే పెట్టుకుంది.