బాప్తిస్మం తీసుకుంటే సినిమా, పాప్ పాటలు మానేయాల్సిందేనా?

అక్కర్లేదు, మానేయాలని బైబిల్లో ఎక్కడా లేదు, అది ఎవరికి వారు తీసుకునే నిర్ణయం. కడప, కర్నూలు వైపు పెళ్లి ఆర్కెస్ట్రాల్లో పాడేవాళ్లకూ ఈ డౌట్ ఉంటుంది. పాటకంటే దాని చుట్టూ ఉండే బతుకే అసలు ఇబ్బంది: తెల్లవార్లూ ప్రోగ్రాములు, ఆదివారం ఆరాధనకు అందకపోవడం, పిల్లలు పడుకున్నాక ఇల్లు చేరడం. అమెరికా రాక్ గాయకుడు లిటిల్ రిచర్డ్ 1957లో, మంచి ఊపులో ఉండగానే, ఆస్ట్రేలియా టూర్ మధ్యలో అన్నీ వదిలేసి (ఉంగరాలు కూడా నీళ్లలోకి విసిరేశాడు) బైబిల్ చదువుకు వెళ్లి, 1959లో పెళ్లి చేసుకుని సువార్త పాటలు పాడాడు; 1962లో మళ్లీ రాక్ స్టేజీ ఎక్కాడనుకోండి. చాలామంది పొరపడేది వాయిద్యాల దగ్గర. డప్పు, గిటారు పాపమేం కాదు, 150వ కీర్తన తంబుర, తాళాలతోనే దేవుణ్ని స్తుతించమంటుంది.