పాత వ్యాన్ డోర్ ప్యానెల్: క్లిప్పులు నిలవకపోతే

పాత వ్యాన్ డోర్‌కు లోపలి వైపు ఉండే అట్ట ప్యానెల్ కింది అంచు ఉబ్బిపోయి, దాన్ని పట్టి ఉంచే క్లిప్పులు ఊడి వస్తుంటే, కొత్త క్లిప్పులు కొనే ముందు డోర్ లోపల ఒకసారి చూడండి. అద్దం మీది వాన నీళ్లు డోర్ లోపలికి దిగడం మామూలే. అవి అడుగున ఉండే చిన్న రంధ్రాల్లోంచి బయటికి పోవాలి. ఆ రంధ్రాలు మట్టితో పూడుకుపోయినా, ప్యానెల్ వెనక ప్లాస్టిక్ షీటు చిరిగినా తడంతా అట్ట పీల్చుకుంటుంది. ముందు అది సరిచేయకపోతే కొత్త ప్యానెల్‌కీ అదే గతి.

ఊడదీసేటప్పుడు హ్యాండిల్ స్క్రూలు మొదట తీయండి. ఒకటి రెండు మూతల కింద దాక్కుని ఉంటాయి. తర్వాత ప్లాస్టిక్ బద్దను క్లిప్పు పక్కనే దూర్చి లేపండి, దూరంగా పట్టి లాగితే అట్ట చిరుగుతుంది.

క్లిప్పు రంధ్రం ఒక్కటే చిరిగితే వెనక పల్చటి ప్లైవుడ్ ముక్క అతికించి, అందులో కొత్తగా గాడి కోస్తే చాలు. అంచు పొడిపొడిగా రాలుతుంటే మాత్రం అతుకులతో తంటాలు పడకండి. పాతదాన్నే నమూనాగా పెట్టి, అంతే మందం ఉన్న ప్లైవుడ్ మీద గీసి కోయండి. మందం పెరిగితే క్లిప్పు సరిగా కూర్చోదు. వార్నిష్ అంచులకీ, రంధ్రాల లోపలికీ పట్టించాలి, తడి ముందు ఎక్కేది అక్కడే. ప్లాస్టిక్ షీటు అతికించడానికి బ్యూటైల్ టేపు (మెత్తటి, జిగురుగా ఉండే రబ్బరు టేపు) వాడండి, మళ్లీ విప్పాల్సి వస్తే తేలిగ్గా ఊడుతుంది.

పవర్ విండో ఉంటే ప్యానెల్‌ను నొక్కి బిగించే ముందే వైర్ల కనెక్టర్ తగిలించండి.