హైదరాబాద్‌లో ఉద్యోగం వెతుక్కుంటున్న మా అన్నయ్య కొడుకుకు

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

విజయవాడలో నువ్వు ఏడాదిన్నర పనిచేసిన కంపెనీ మూతపడిందనీ, హైదరాబాద్ వచ్చి ఎస్సార్ నగర్ హాస్టల్లో దిగావనీ అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. రెండు ఇంటర్వ్యూలు బాగానే జరిగినా ఆ తరువాత ఎవరూ పలకడం లేదని నువ్వు దిగులు పెట్టుకున్నావట. నేను చాలాకాలం కంపెనీల నియామక విభాగాల్లో, అంటే నీకు జవాబు చెప్పకుండా ఊరుకునేవాళ్ల పక్షాన, పనిచేసినవాణ్ని కనుక ఆ మౌనం సంగతే ముందు రాస్తున్నాను. ఉద్యోగాల వేటలో మన పిల్లలు తీసుకునే తప్పుడు నిర్ణయాల్లో ఎక్కువ భాగం ఇంటర్వ్యూకూ జవాబుకూ నడుమ ఉండే ఖాళీ రోజుల్లో తీసుకున్నవే.

ఇంటర్వ్యూ చేసిన మేనేజరుకు నువ్వు నచ్చినా, ఆ ఉద్యోగానికి డబ్బు మంజూరు కావలసింది వేరొకచోట. అమెరికాలోని క్లయింటు ప్రాజెక్టును ఒక నెల వెనక్కి జరిపితే, ఇక్కడ మాదాపూర్‌లో ఆ ఖాళీ ‘హోల్డ్’లో పడుతుంది; ఆ సంగతి అభ్యర్థికి చెప్పవలసిన బాధ్యత మాత్రం ఎవరి మీదా ఉండదు. ఒక్కోసారి బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా, ఉన్న సొంత ఉద్యోగే ఆ పనికి సరిపోతాడు, బయటివాళ్ల అవసరం తీరిపోతుంది. వీటన్నిటి కంటే నీకు పనికొచ్చే సంగతి నోటీస్ పీరియడ్, అంటే రాజీనామా ఇచ్చాక పాత కంపెనీలోనే పనిచేయవలసిన గడువు. మన ఐటీ కంపెనీల్లో చాలావాటికి అది 90 రోజులు. ఎంపికైన అనుభవజ్ఞుడు ఆ మూడు నెలల్లో ఇంకో రెండు ఆఫర్లు సంపాదించుకుని, తీరా చేరవలసిన రోజున ఫోన్ ఎత్తడు. అప్పుడు మేము పాత జాబితా తీసి, రెండో పేరు ఎవరిదో, ఆ మనిషి ఇంకా ఖాళీగా ఉన్నాడో లేదో చూసుకునేవాళ్లం. అందుకే నెలకొకసారి ఆ రిక్రూటరుకు నాలుగు వాక్యాల మెయిల్ రాస్తూ ఉండు. ఏ ఉద్యోగానికి ఏ తేదీన ఇంటర్వ్యూకు వచ్చావో, వెంటనే చేరగలవన్న విషయం, అంతే. నోటీస్ పీరియడ్ లేకపోవడం ఇప్పుడు నీకున్న బలం. దాన్ని రెజ్యూమెలో పేరు కిందనే రాయి. నిష్ఠూరాలు మాత్రం రాయకు.

ఇక ఆ ఖాళీ రోజుల్లో నీ దగ్గరకు వచ్చే మనుషుల గురించి. అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల, నీ ఏడాదిన్నరను నాలుగేళ్లుగా చూపించే కాగితాలు ఇప్పిస్తామని చెప్పేవాళ్లు హాస్టల్ మిత్రుల ద్వారానే పరిచయమవుతారు. ఫలానావాడు అలాగే చేరాడు, ఏమీ కాలేదు అంటారు. నేను నీతి చెప్పబోవడం లేదు, పద్ధతి చెబుతున్నాను. నీ ప్రావిడెంట్ ఫండుకు యూఏఎన్ అనే ఒకే నంబరు ఉంటుంది. నువ్వు ఎక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా పనిచేశావో అందులో నమోదై ఉంటుంది. జీతంలో పన్ను కోత పడి ఉంటే ఆదాయపు పన్ను శాఖ రికార్డుల్లో యజమాని పేరు కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ తనిఖీ చేసే సంస్థలు ఈ రెండూ అడుగుతాయి. తనిఖీ ఫలితం చాలాసార్లు నువ్వు చేరిన తరువాత వస్తుంది. అప్పుడు పోయేది ఉద్యోగంతో పాటు ఉన్న ఆ ఏడాదిన్నర విలువ కూడా. మా ముందుకు అలాంటి ఫైళ్లు వచ్చినప్పుడు, పిల్లవాడు నిజంగా తెలివైనవాడని తెలిసినా చేయగలిగింది ఏమీ ఉండేది కాదు.

లాప్‌టాప్ డిపాజిట్ అనో, శిక్షణ రుసుము అనో ముందుగా డబ్బు అడిగేవాడు ఎంత పెద్ద కంపెనీ పేరు చెప్పినా మోసగాడే. ఎవరికైనా పొరపాటున డబ్బు పంపితే, ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

రిఫరల్, అంటే కంపెనీలో పనిచేసేవాళ్ల సిఫారసు, అడగడానికి నీకు మొహమాటమని నాకు తెలుసు. మన ఇంట్లో అందరికీ ఉన్న జబ్బే అది. చాలా కంపెనీలు, రిఫర్ చేసిన మనిషి చేరి కొంతకాలం నిలిస్తే, రిఫర్ చేసిన ఉద్యోగికి బోనస్ ఇస్తాయి కనుక నువ్వు అడిగేది భిక్ష కాదు. అయితే ‘అన్నా, మీ కంపెనీలో ఏమైనా ఉంటే చూడండి’ అని సందేశం పెడితే ఎవరూ చూడరు. ఆ కంపెనీ వెబ్‌సైట్లో నీకు సరిపోయే ఖాళీని నువ్వే వెతికి, దాని జాబ్ ఐడీ, ఆ పనికి తగినట్టు సవరించిన రెజ్యూమె, నువ్వు ఎందుకు సరిపోతావో మూడు వాక్యాలు కలిపి పంపాలి. అవతలి మనిషికి రెండు నిమిషాల పని మాత్రమే మిగిలేలా చేస్తే, సీనియర్లలో ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా సాయం చేస్తారు.

గచ్చిబౌలి వైపు గది మారమని స్నేహితులు అంటున్నారని విన్నాను. ఉద్యోగం వచ్చేదాకా మారకు. నీ హాస్టల్‌కు దగ్గరలోని అమీర్‌పేటలో మెట్రో లైన్లు రెండు కలుస్తాయి. అక్కడి నుంచి ఐటీ కంపెనీలున్న రాయదుర్గం దాకా నేరుగా వెళ్లవచ్చు. తీరా ఉద్యోగం నగరానికి మరోవైపున్న పోచారంలో వస్తే గచ్చిబౌలిలో కట్టిన అడ్వాన్సు ఏమవుతుంది? కొత్త కోర్సు కూడా ఇప్పుడే కట్టవద్దు. నువ్వు చూసిన ప్రకటనల్లో ఒకే నైపుణ్యం మాటిమాటికీ కనిపించి, అది నీకు రాకపోతే, అప్పుడు డెమో తరగతులు కూర్చుని చూసి, ఫీజు వాయిదాల్లో కట్టు. చేతిలో డబ్బు అయిపోయేలా ఉంటే వాయిస్ ప్రాసెస్‌లో, అంటే ఫోన్‌లో కస్టమర్లతో మాట్లాడే కాల్ సెంటర్లో, రాత్రి షిఫ్టు ఉద్యోగమైనా సరే చేరు; ఇంటర్వ్యూలు ఎక్కువగా పగలే జరుగుతాయి కనుక ఆ పని నీ ప్రయత్నాలకు అంతగా అడ్డురాదు. నిద్ర చెడుతుందన్న మాట నిజమే, కానీ అప్పు చేసి ఎదురుచూసేవాడు మొదట వచ్చిన చెత్త ఆఫర్‌కే తల ఊపుతాడు. వదినకు మాత్రం వారానికొకసారి ఉన్నదున్నట్టు చెప్పు. పెళ్లిళ్లలో ప్యాకేజీ ఎంత అని అడిగే బంధువులకు ఏం చెప్పాలో ఆవిడ చూసుకుంటుంది.

ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు సంతకం చేసే ముందు నాకొక కాపీ పంపించు. వాళ్లు చెప్పే సీటీసీలో, అంటే నీ మీద కంపెనీకి ఏడాదికి అయ్యే మొత్తం ఖర్చులో, కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ కూడా సాధారణంగా కలిసి ఉంటాయి. అవీ, నీ జీతంలో పడే కోతలూ తీసేస్తే నెలనెలా చేతికి ఎంత వస్తుందో ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం. బాండ్ ఉందా, ఉంటే ఎన్నాళ్లకు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో కూడా చూడాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటామని ఎవరైనా అంటే, చూపించి వెనక్కి తీసుకుంటానని మర్యాదగా చెప్పు. ఒప్పుకోకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయి.

ఆశీస్సులతో,
మీ బాబాయి