తలుపున్న గది ఎవరిది?

ప్రశ్న: మాది కర్నూలు. నేను, మా వారు ఇద్దరం హైదరాబాద్ కంపెనీలకు ఇంటి నుంచే పనిచేస్తాం. అత్త, మామ, రెండో తరగతి చదివే పాప మాతోనే ఉంటారు. ఆయన లోపలి గదిలో కూర్చుంటారు, నేను డైనింగ్ టేబుల్ దగ్గర. మీటింగ్ వింటూనే కుక్కర్ విజిళ్లు లెక్కపెడతాను, స్కూలు వాట్సాప్ గ్రూపు చూస్తాను. మా అత్తేమో నిమిషానికోసారి పిలుస్తుంది. ‘మా ఆవిడ అష్టావధాని’ అని మా వారు చుట్టాల ముందు గొప్పగా చెప్తారు. ఈ మధ్య అన్నీ తప్పులే. ఉగ్గానికని బొరుగులు నానేసి మరిచిపోతే ముద్దయిపోయాయి. అది పోనీ, మొన్న మీటింగ్‌లో ఉండి మామకు బీపీ మాత్ర రెండుసార్లు ఇచ్చాను. కళ్లు తిరిగి పడబోయారు. దేవుడి దయ, ఏమీ కాలేదు. ‘ఆ మాత్రం జాగ్రత్త ఉండొద్దా’ అన్నారు మా వారు. మతిమరుపు వస్తోందేమోనని టెన్షన్‌గా ఉంది. నాలుగు పనులు ఒకేసారి తప్పుల్లేకుండా చేయడం ఎట్లా? మా అత్తకు ఎట్లా చెప్పాలి?

జవాబు: మొదటి ప్రశ్న వదిలేయండమ్మా. ఆ విద్య ఎవరికీ లేదు, మీకూ రాదు.

పాట వింటూ కూరగాయలు తరగొచ్చు. చేతికి అలవాటైన పని దాని దారిన అది సాగుతుంది. మనసు పెట్టాల్సిన పనులు రెండుంటే మాత్రం మెదడు ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకుంటుంది, అంతే. పట్టుకున్న ప్రతిసారీ ‘ఎక్కడ ఆపాను’ అని వెతుక్కోవాలి. ఈ నష్టాన్ని రూబిన్‌స్టీన్, మేయర్, ఎవాన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొలిచి 2001లో ప్రచురించారు. ఇట్లా అటూ ఇటూ మారడంలో పని సమయం 40 శాతం దాకా పోవచ్చని మేయర్ అంచనా. సాధన చేస్తే వస్తుందేమో అనుకుంటారేమో! 2009లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పరీక్షిస్తే, టీవీ, ఫోను, చాటింగ్ అన్నీ కలిపి నడిపే అలవాటు బాగా ఉన్నవాళ్లే అనవసరమైనదాన్ని పక్కన పెట్టలేకపోయారు. పని మారడంలోనూ వాళ్లే వెనకబడ్డారు.

మీది మతిమరుపని నాకు అనిపించలేదు. మొదటి మాత్ర ఇచ్చింది మీ చేయి, మీ ధ్యాస మీటింగ్‌లో ఉంది. మెదడు రాసుకోనిదాన్ని తర్వాత వెతికితే ఎట్లా దొరుకుతుంది? అనుమానం తీరకపోతే డాక్టరునడిగి థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకోండి. అవి తేడాగా ఉన్నా మరుపు వస్తుంది.

ఇక మీ అత్త. తప్పంతా ఆమెదన్నట్టు రాశారు. కోడలు వంటింటి పక్కనే, కళ్ల ముందు కూర్చుని ఉంటే ఏ అత్తయినా పిలుస్తుంది. అది ఆఫీసని ఆమెకు ఎవరైనా చెప్పారా? చెప్పాల్సిన మనిషి లోపల తలుపేసుకుని ఉన్నారు. మీటింగ్ అంటే ఏమిటో ఆ ఇంట్లో మీ తర్వాత తెలిసింది ఆయనకే. తెలిసీ ఊరుకున్నారు. నాకు కోపం వచ్చింది అక్కడే.

పైగా అష్టావధాని అని బిరుదొకటి. అవధానంలో పృచ్ఛకులు వంతుల వారీగా అడుగుతారు. మధ్యలో సంబంధం లేని మాటలతో అడ్డు తగిలే అప్రస్తుత ప్రసంగం ఒక్కరికే అప్పగిస్తారు. అవధాని ఆ పూట పొయ్యి మీద కుక్కర్ పెట్టి రాడు, చివర్లో శాలువా కూడా కప్పుతారు. మీ ఇంట్లో అందరూ అప్రస్తుత ప్రసంగులే, శాలువా సంగతి మీకే తెలియాలి. నొచ్చుకోకండి గానీ, ఆ మెచ్చుకోలు మీకూ నచ్చింది. అందుకే ‘ఇది నా వల్ల కాదు’ అనే మాట నోటిదాకా రావడం లేదు.

ఒక్కటి అడుగుతాను. ఆ మాత్ర ఎవరి నాన్నకు? మామను చూసుకోవడం మీ మంచితనం, కాదనను. కానీ కన్న కొడుకు పక్క గదిలో ఉండి, తండ్రి మాత్ర సంగతి పట్టించుకోకుండా మీకు జాగ్రత్తలు చెప్పడం నాకు మింగుడుపడలేదు.

ఈ ఆదివారం, టిఫిన్లయ్యాక, గొడవగా కాకుండా ఆయనతో కూర్చోండి. మాత్రలు ఇకనుంచి ఆయన చేతి మీదుగానే ఇవ్వాలి. వారం రోజులకు వేర్వేరు గడులున్న డబ్బా మెడికల్ షాపులో దొరుకుతుంది. గడి ఖాళీగా ఉంటే మాత్ర తీసినట్టే. లోపలి గది పొద్దున పూట మీది, మధ్యాహ్నం ఆయనది. ముందు ఒక వారం అట్లా చేసి చూడమనండి. కూరగాయల సంచి ఎక్కడ పెట్టాలి, గ్యాస్ ఎప్పుడొస్తుంది, పాప పెన్సిల్ ఎక్కడుంది, ఇవన్నీ తననే అడుగుతుంటే రెండో రోజుకే ఆయనకు విషయం అర్థమవుతుంది.

‘తలుపు వేసుంటే పిలవద్దమ్మా’ అని మీ అత్తకు ఆయనే చెప్పాలి, మీరు కాదు. మీరంటే అది ఎదురుమాట అవుతుంది. కొడుకంటే ఇంటి పద్ధతి అనుకుని ఊరుకుంటుంది.

కుదరదని ఆయన అంటే, ఎందుకు కుదరదో ఈసారి ఆయన్నే ఉత్తరం రాయమనండి.